ఆయుధపూజ నాడు పండబెట్టిన సర్వరు

సర్వరు ఆగిపోయిందంటే నేనెప్పుడూ పెద్దగా భయపడలేదు. ఆగితే అందరికీ తెలుస్తుంది. ఫోన్లు మోగుతాయి, నాలుగు తిట్లు పడతాయి, బాగుచేస్తాం, టీ తాగుతాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది కూడా ఎప్పుడూ అదే: "సార్, మీ హయాంలో సర్వరు పూర్తిగా పడిపోయిందా ఎప్పుడైనా?" పడిపోయింది నాయనా, చాలాసార్లు పడింది. వాటిలో ఒక్కటీ నాకు కలలోకి రాదు. కలలోకి వచ్చే రోజు ఒకటుంది. ఆ రోజు నా సర్వరు ఏ రొదా లేకుండా చక్కగా నడుస్తూనే ఉంది.

రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేశాను. దానికి జమ్మలమడుగులో ఒక శాఖ, పులివెందులలో ఒక శాఖ. మూడు చోట్లా రోగుల వివరాలు, రక్తపరీక్షల ఫలితాలు, ఇచ్చిన మందులు, అన్నీ ప్రొద్దుటూరులోని ఒకే డేటాబేసులోకి వచ్చి చేరతాయి. దాన్ని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. పులివెందులలో నర్సు తన స్క్రీన్ మీద ఏ అంకె చూసినా అది మా గదిలోంచి పోయిందే.

ఆ గదిలో పెద్ద ఇనప పెట్టె ఒకటే ఉండేది. కానీ ఆ ఒక్క పెట్టెలో ఐదారు సర్వర్లు. వర్చువల్ అంటే అంతే, ఒకే మిద్దెలో ఐదారు కాపురాలు బాడుగకున్నట్టు. ప్రతి కాపురమూ మిద్దె మొత్తం తనదే అనుకుంటుంది, పక్క వాటాలో ఎవరున్నారో దానికి తెలియదు. నా డేటాబేసు అందులో ఒక బాడుగ కాపురం. పెట్టె బాగోగులు చూసే ఆయన వేరే ఉన్నాడు. మా ఇద్దరిదీ ఒకటే ఈడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం మామా అని పిలుచుకునేవాళ్ళం. డేటాబేసు నెమ్మదించిందంటే నేను "నీ ఇంట్లో గాలి ఆడతా లేదు మామా" అనేవాడిని. "నీ సంసారం పెరిగిపాయ, ఇంగో ఇల్లు సూసుకో పో" అనేవాడు ఆయన. తప్పు కాపురమున్నవాడిదా, ఇంటివాడిదా అని తేల్చుకోవడంలోనే మా ఉద్యోగాలు సగం అయిపోయాయి. అయినా చెప్పాలి, ఆయన పనిమంతుడు. ఆయన చెయ్యి పడితే చల్లబడని మిషను నేను చూడలేదు.

మా వైపు ఆయుధపూజ పూట పనిముట్టుకు సెలవు. మగ్గమైనా, లారీ అయినా, కుట్టుమిషనైనా, కడిగి బొట్టుపెట్టి ఆ పూటకు ముట్టకుండా ఉంటారు. పని చేయించుకుంటూ పూజ చేస్తే అది పూజ కిందికి రాదని పెద్దల మాట. ఆస్పత్రిలో అది కుదిరే పని కాదు గనక ప్రతి ఏడూ సర్వరు తిరుగుతుండగానే పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి, పైన ఒక నిమ్మకాయ ఉంచి, సాంబ్రాణి మాత్రం గది బయటే వేసి కానిచ్చేవాళ్ళం. అయితే నేను చెబుతున్న రోజుకు ముందటి ఏడు పండగైన వారంలోనే డిస్కులు రెండు వెంట వెంటనే పోయాయి. వాటికి వయసైపోయింది, అంతకు మించి రహస్యమేమీ లేదు. కానీ ఆస్పత్రి నడిపే పెద్దాయన దగ్గర్నుంచి ఆంబులెన్సు డ్రైవర్ల దాకా అందరిదీ ఒకటే మాట: పూజ పూట దానికి రెస్టు ఇవ్వలేదు, అందుకే అలిగింది.

పెద్దాయనది సేద్యగాళ్ళ కుటుంబం. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు, ఆస్పత్రిలో అసలే లేదు. మరుసటి ఏడు పండగ పొద్దున కొత్త పంచె కట్టుకుని నేరుగా సర్వరు గదికే వచ్చాడట. నేనక్కడ లేను. జమ్మలమడుగు ల్యాబులో కంప్యూటరు ఒకటి మొరాయిస్తుంటే పొద్దున్నే బస్సెక్కాను. అక్కడ జరిగింది తర్వాత మామ చెబితే విన్నదే.

"దాన్ని ఆపు. పూజ అయినంక ఏసుకోండి" అన్నాడట పెద్దాయన.

"ఆపితే మళ్ళా లేపేదానికి శానా సేపు పడ్తాది సార్."

"ఎద్దులనే ఒగ పూట ఇడుస్తాం గదప్పా. ఇది ఎద్దు కంటే ఎక్కువనా?"

దీనికి జవాబు ఏ కంప్యూటరు పుస్తకంలోనూ ఉండదు. మామకు మధ్యే మార్గం ఒకటి తోచింది. వర్చువల్ మిషన్లలో ఒక సదుపాయం ఉంది. ఆపనక్కర్లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా పండబెట్టవచ్చు. లేపినప్పుడు ఏ మాట మధ్యలో కళ్ళు మూసిందో ఆ మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకుంటుంది. పెద్దాయనకు ఆపినట్టూ ఉంటుంది, మనకు ఆపనట్టూ ఉంటుంది. మూడు శాఖలకూ కబురు పంపారు: పూజ అయ్యేదాకా కంప్యూటరు ఉండదు, ఏదున్నా కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించండి. నాకూ ఫోన్ చేశాడట గానీ దారిలో సిగ్నల్ అందలేదు. నేను బస్సు దిగేసరికి అక్కడివాళ్ళు "పూజకు ఆపినారంట సార్" అన్నారు. పై సాఫ్ట్‌వేరు ఒక్కటే ఆపి ఉంటారనుకున్నాను, అట్లాంటివి మామూలే.

ఒక్క సంగతి మీకు ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పండుకున్న వర్చువల్ మిషనుకు తాను పండుకున్నానని తెలియదు. మనమైతే లేవగానే ఎండ ఎంత ఎక్కిందో చూసుకుంటాం. దానికి కిటికీ లేదు, తన లోపలి గడియారమే లోకం. అది పండుకున్నంతసేపూ ఆ గడియారమూ పండుకునే ఉంటుంది. లేవగానే బయటి టైము అడిగి సరిచేసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది గానీ, మా దాంట్లో ఆ ఏర్పాటు ఎప్పుడో తెగిపోయి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అది అంతకు ముందు ఒక్క రోజూ నిద్రపోలేదు.

పూజ బాగా జరిగిందట. పంతులుగారు మంత్రాలు సాగదీశారట. గంటకు మించే పట్టింది. తర్వాత మామ దాన్ని లేపాడు, అది చక్కగా లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు.

ఎండ నడినెత్తి దాటింది. జమ్మలమడుగులో నేను ల్యాబు కంప్యూటరు పని ముగించి సంచి సర్దుకుంటుంటే ల్యాబులో పనిచేసే ఆమె పిలిచింది. నిమ్మళంగా మాట్లాడే మనిషి, ఊరికే ఫిర్యాదులు చేయదు.

"సార్, ఇది బాగైందన్యారు గదా. ఇప్పుడే పంపిన రిపోర్టు కిందికి పోతాంది సూడండి. పైన ఇందాకటిదే కూసుండాది."

"రిఫ్రెష్ కొట్టినావామ్మా?"

"ఎన్నిసార్లు కొట్టేది సార్."

వెళ్ళి చూశాను. రిపోర్టు వచ్చింది, ఎక్కడికీ పోలేదు. దాని పక్కన టైము ఉంది. ఆ టైము చూసి గోడ గడియారం వంక చూశాను. గోడది ముందుకెళ్ళిందేమో అనుకుని నా ఫోను తీసి చూసుకున్నాను. గోడా, ఫోనూ ఒకే మాట చెబుతున్నాయి. నా డేటాబేసు ఒక్కటే ఇంకా పొద్దుటి పూటలో ఉంది.

మామకు ఫోన్ చేశాను.

"మామా, పూజకు ఏం ఆపినావు?"

"ఏమీ ఆపలేదు మామా. పండబెట్టినా అంతే. సక్కగా లేసినాది గదా."

"దేన్ని పండబెట్టినావు?"

"నీ దాన్నే."

సర్దిన సంచి మళ్ళీ విప్పాను. కారణం చెబుతాను. మా ఆస్పత్రిలో డాక్టర్లూ నర్సులూ చూసే స్క్రీన్ మీద ఒక్కో పరీక్షకు ఆఖరి ఫలితం ఒక్కటే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పాతవి కావాలంటే లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి. ఆఖరిది ఏదో తేల్చేది టైము. ఇప్పుడు పూజ జరుగుతున్నప్పుడు కాగితం మీద రాసుకున్న ఫలితాలను తర్వాత ఎక్కించినవాళ్ళు, గోడ గడియారం చూసి అసలు టైము వేశారు. శ్రద్ధగలవాళ్ళు మరి. ఆ తర్వాత ల్యాబు యంత్రాలు నేరుగా పంపిన కొత్త ఫలితాలకు మాత్రం నా సర్వరు తన వెనకబడ్డ టైము వేసింది. దాంతో కొత్తది పాతదైపోయి అడుగున పడుతోంది, పాతది ఆఖరిదై పైన వెలుగుతోంది. మూడు ఊళ్ళలో, ప్రతి మంచం దగ్గరా.

ఎక్కడా ఎర్రదీపం వెలగదు. ఎర్రర్ రాదు. డేటాబేసు దృష్టిలో అన్నీ సవ్యంగా ఉన్నాయి. నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందనే భయం కాదది. నేను చూడని మనిషెవరో ఒకరు, నా అంకెను నమ్మి ఎక్కిస్తున్న మందుతో చచ్చిపోతారనే భయం. ల్యాబులో ఆమె నీళ్ళ బాటిలు నా చేతిలో పెట్టింది. తాగకుండానే పక్కన పెట్టి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాను.

పూజ తర్వాత ఒకే పరీక్ష రెండుసార్లు ఉన్నవాళ్ళు ఎవరెవరని అడిగాను డేటాబేసును. ఎక్కువమంది లేరు. చాలావాటిలో రెండు ఫలితాలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, ఏది పైనున్నా ప్రాణానికి ముప్పు లేదు. జమ్మలమడుగులో ఉన్న ఒకామె సంగతి ఆమె డాక్టరుకు ఎదురుగానే చెప్పాను. నేను ఫోన్లో పేర్లు చెబితే, ప్రొద్దుటూరు వాళ్ళ దగ్గరికి మామ మెట్లమీద పరుగెత్తాడు.

మిగిలింది పులివెందులలో ఒక్కరు. వేముల దగ్గర పల్లెనుంచి వచ్చిన ముసలాయన, ఐసీయూలో ఉన్నాడు. పరీక్ష పొటాషియం. చేత్తో ఎక్కించిన ఫలితంలో బాగా తక్కువ. యంత్రం పంపిన ఫలితంలో బాగా ఎక్కువ. స్క్రీన్ మీద వెలుగుతున్నది తక్కువ.

నేను డాక్టరును కాను. కానీ ఆస్పత్రిలో అన్నేళ్ళు ఉంటే కొన్ని చెవిన పడతాయి. ఒంట్లో పొటాషియం తక్కువైతే గుండె తడబడుతుంది, సెలైనులో కలిపి ఎక్కిస్తారు. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. అసలే ఎక్కువున్నవాడికి తక్కువుందనుకుని ఇంకా ఎక్కిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏంది సార్?" అంది ల్యాబులో ఆమె నా ముఖం చూసి. స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. ఆమె ఆ రెండు అంకెలూ చూసింది. "యాడ ఈయన?" అని మాత్రం అడిగింది.

పులివెందుల ఐసీయూ ఫోను మోగింది, మోగుతూనే ఉంది. రిసెప్షన్ ఫోనూ అంతే. అక్కడ పూజ ఆలస్యంగా మొదలైనట్టుంది. పండగ పూట ఆస్పత్రి ముందర ఆంబులెన్సులు కడిగి, బంతిపూల దండలేసి, గుమ్మడికాయ కొట్టే వేళ. ఎవరి చేతిలోనూ ఫోను ఉండదు. ఆ శాఖలో ఒకే ఒక్కడి నంబరు నా దగ్గరుంది, గేటు దగ్గర వాచ్‌మన్‌ది. ఎప్పుడైనా రాత్రిపూట కరెంటు పోతే జనరేటరు వేశాడో లేదో అడగడానికి రాసిపెట్టుకున్నాను.

ఎత్తాడు. వెనక డప్పులు.

"అప్పా, నేను ప్రొద్దుటూరు కంప్యూటరు సార్‌ను. ఉన్నపళంగా ఐసీయూలోకి పో. ఈ ఫోను తీసుకపోయి నర్సు చేతిలో పెట్టు."

"గుమ్మడికాయ కొడతాండారు సార్. నన్ను ఈడనే నిలబడమన్యారు."

"అప్పా, ఒక మనిషి పాణం పోతాది. పో."

డప్పులు దూరమయ్యాయి. చెప్పుల చప్పుడు, తలుపు, మెట్లు, మెట్ల మీద ఆయన ఆయాసం, అన్నీ వినిపిస్తున్నాయి. ఆ మెట్లు నేను ఎన్నోసార్లు ఎక్కినవే. ఆ రోజు అవి తరగలేదు.

ఆ సందులోనే ల్యాబులో ఆమె ఫోనుతో మామను మళ్ళీ పట్టుకున్నాను. "ఆపెయ్ మామా. డేటాబేసు మొత్తం ఆపెయ్. ఈసారి నిజంగానే ఆపు."

"ఇప్పుడే గదా లేపింది. పెద్దాయన కిందనే ఉండాడు. అడిగి ఆపుదామా?"

"అడిగేలోపల ఇంగో మంచం కాడ ఇంగో అంకె ఎక్కుతాది. ఆపు. స్క్రీన్లన్నీ నల్లగా అయిపోనీ. నల్లగుంటే ఎవురూ నమ్మరు."

చూశారా, జీవితమంతా నేను నర్సుల వెంటపడి చెప్పిన మాట ఒకటే: కాగితాన్ని నమ్మొద్దమ్మా, కంప్యూటరును నమ్మండి. కష్టపడి నమ్మించాను కూడా. ఆ రోజు వాళ్ళు నమ్ముతుండటమే నాకు పెద్ద భయమైంది.

నర్సు గొంతు వినిపించింది. చిన్న వయసు గొంతు, కానీ ధీమాగా ఉంది.

"చెప్పండి సార్."

"అమ్మా, వేముల కాడ నుంచి వచ్చినాడే ఆ ముసలాయనకు పొటాషియం ఎక్కిస్తాండారా?"

"ఎక్కిస్తాండాం సార్. ఒగ బాటిలు అయింది. అయినా స్క్రీన్ మీద తక్కువనే సూపిస్తాంది. డాక్టరు గారికి ఫోన్లో చెప్తే రెండోది పెట్టి కొంచెం బిరీన ఇయ్యమన్యారు. పెట్టినా."

"తక్కువని సూపించేది పాతదేమో తల్లీ. మా దాంట్లో టైము తప్పింది."



"పాతదేమో అంటాండారా, పాతదే అంటాండారా సార్?"

నాకు నిజంగా తెలియదు. యంత్రం పంపింది కొత్తదే అయ్యుండాలని నా లెక్క. కానీ చేత్తో ఎక్కించినవాళ్ళు రక్తం తీసిన టైము వేశారో, ఎక్కిస్తున్నప్పటి టైము వేశారో నేనెట్లా చెప్పగలను? మామ సరిగ్గా ఎప్పుడు పండబెట్టాడో ఆయనకే గుర్తు లేదు, పంతులుగారు వచ్చినాక అంటాడు. ఒకవేళ నా లెక్క తప్పి, ఆయనకు నిజంగానే పొటాషియం తక్కువుంటే? నేను ఆపించిన మందు వల్లే గుండె తడబడితే? కంప్యూటరు గదిలోంచి ఒక మనిషి మందు ఆపమనడమేమిటి?

"నాకు తెలీదమ్మా" అన్నాను. "ఏది కొత్తదో నా కంప్యూటరుకు తెలీదు. రెండో పరీక్షలో శానా ఎక్కువ వచ్చినట్టుండాది. దేన్నీ నమ్మొద్దు. ల్యాబులో రక్తం పరీక్ష చేసే యంత్రం మీదనే చిన్న స్క్రీన్ ఉంటాది, దాంట్లో ఆఖరుది ఏముందో సూడమను. డాక్టరును పిలువు. నువ్వు మంచం కాడ నుంచి కదలొద్దు."

"డాక్టరు చెప్పకుండా నేను ఆపకూడదు సార్."

"ఆపమని నేను చెప్పలేదమ్మా. ఆ ముసలాయన దిక్కు సూడు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కాసేపు మానిటరు కూత ఒక్కటే వినిపించింది. ఆ కూతల మధ్య ఎడం ఎక్కువుందా, మామూలుగా ఉందా అని నేను వింటున్నాను, నాకేదో తెలిసినట్టు. తర్వాత ఆమె గొంతు, ఈసారి నాతో కాదు. "ల్యాబాయన్ను పిల్చుకొని రాపో, బిరీన. డాక్టరుకు నేను చేస్తా." వాచ్‌మన్ చెప్పులు మళ్ళీ పరుగెత్తాయి. ఆ తర్వాత ఎవరో ఫోను కట్ చేశారు.

జమ్మలమడుగు ల్యాబులో నేనూ ఆమే ఎదురెదురుగా కూర్చున్నాం. నాకు పాడు ఆలోచనలే వచ్చాయి. ఆ ముసలాయన ముఖం నేను ఎన్నడూ చూడలేదు, అయినా నా కళ్ళముందు ఒక ముఖం కనబడుతూ ఉంది. ఆమె నా వైపు చూసి, "సార్, మీరు చెప్పాల్సింది చెప్పినారు" అంది. ఆ ఓదార్పు నాకు అంటలేదు. స్క్రీన్ వంక చూస్తే నల్లగా ఉంది. మామ ఆపేశాడన్నమాట.

ఫోను నర్సే చేసింది.

"సార్, ఎక్కువే. ల్యాబు యంత్రంలో చూసినారు. సెలైను ఆపేసినాం. గుండె బాగా నిదానమైంది సార్, డాక్టరు గారు వచ్చినారు, ఇంజక్షన్ ఇస్తాండారు. నేను పోవల్ల."

బతుకుతాడా అని అడిగేలోపు పెట్టేసింది.

పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "పండగ పూట మూసిపెట్టినావంట ఏందప్పా" అని గట్టిగానే మొదలుపెట్టాడు. జరిగింది చెప్పాను. ఎద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. "కారు పంపుతా. మీరిద్దరూ పులివెందులకు పోండి. నాకు ఫోన్ చేయండి" అన్నాడు. ఆ గొంతులో కూడా భయం విన్నాను నేను. ఆయన భయపడగా వినడం అదే మొదలు, అదే ఆఖరు.

ఈ పనిలో ఉన్నవాళ్ళు తర్వాత ఏం చేశారని అడుగుతారు. చేయాల్సినవే చేశాం. టైము సరిచేసుకునే ఏర్పాటు బాగుచేశాం, అది పనిచేస్తోందో లేదో రోజూ చూసే అలవాటు పెట్టాం, ఆఖరి ఫలితం పక్కన రక్తం ఎప్పుడు తీశారో కూడా కనబడేట్టు చేయించాం. డేటాబేసు ఉన్న మిషనును ఎవరూ పండబెట్టకుండా ఆ మీటకే తాళం వేశాడు మామ. ఇప్పుడు ఆయుధపూజకు మూలనపడ్డ పాత కీబోర్డునొకదాన్ని పీటమీద పెట్టి పూజ చేస్తున్నారట. దానికి ఎంతసేపు రెస్టు ఇచ్చినా ఎవరికీ నష్టం లేదు.

అవన్నీ తర్వాతి మాట. ఆ సాయంత్రం కారు ప్రొద్దుటూరులో మామను, జమ్మలమడుగులో నన్ను ఎక్కించుకుని పులివెందులకు బయలుదేరింది. దారి పొడుగునా దండలేసిన ట్రాక్టర్లు, పసుపు పూసిన లారీలు. మామ కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"బతికుంటాడా మామా" అన్నాడు ఒకసారి.

"ఫోన్ రాలేదు గదా" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

బతికే ఉన్నాడు. అద్దంలోంచి చూపించింది నర్సు. బక్కపలచని మనిషి, గొర్రెలు కాసి కాసి ఎండకు కమిలిన కాళ్ళు దుప్పటిలోంచి బయటికొచ్చి ఉన్నాయి. నా కళ్ళముందు ఆడిన ముఖానికీ ఈ ముఖానికీ పోలికే లేదు. "ఇంగా గండం గడిచినట్టు కాదు సార్. ఇప్పుడే మళ్ళా రక్తం తీసినాం. అది దిగింటే పర్వాలేదు" అంది నర్సు.

బయట వరండాలో ఆయన కూతురు నేలమీద కూర్చుని ఉంది. నడివయసు మనిషి. ఎవరో చెప్పినట్టున్నారు, మమ్మల్ని చూడగానే లేచి చేతులు జోడించింది.

"మీ మిషనే మా నాయనను కాపాడిందంట సార్. మీరు ఆడనుంచే కనిపెట్టినారంట."

నేను తల ఊపి ఊరుకునేవాడినే. నిజం చెబుతున్నాను, ఊరుకోవాలనే అనిపించింది. మామ ఊరుకోలేకపోయాడు.

"లేదుమ్మా" అన్నాడు. "మా మిషనే తప్పు చెప్పినాది. అందుకే మీ నాయనకు ఇయ్యగూడని మందు ఇంగా ఎక్కిచ్చినారు. దాన్ని పండబెట్టింది నేనే."

ఆమె చేతులు కిందికి దిగాయి. మామను చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"మళ్ళా రక్తం తీసినారు" అంది. "ఆ రిపోర్టు వచ్చేదాకా మీరిద్దరూ యాడికీ పోవద్దు. కూసోండి ఈడ."

కూర్చున్నాం. ఆమె పక్కనే, నేలమీద, గోడకు ఆనుకుని. పెద్దాయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. లోపల మానిటరు కూత వినిపిస్తూ ఉంది. అది ఆగితే ఆమె ముఖం వంక ఎట్లా చూడాలా అనే ఒక్క ఆలోచనతో నేను కూర్చున్నాను.

నర్సు రిపోర్టు తెచ్చింది. కంప్యూటర్లు ఆపే ఉన్నాయి గనక చేత్తో రాసిన చీటీ. నేను లేచి చెయ్యి చాపాను. కూతురు నన్ను దాటి ఆ చీటీ తీసుకుని మామ చేతికిచ్చింది.

"నాకు సదువు రాదు. నువ్వు సదువు."

మామ గోడ గడియారం చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు. ముందు రక్తం తీసిన టైము చదివాడు. తర్వాత అంకె చదివాడు. "దిగిందమ్మా. మామూలుకొచ్చింది" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చేశాడు.

ఆమె ఏడవలేదు. చీటీ వైపే చూస్తోంది.

"ఇంగోసారి సదువు" అంది.

ఆయన కళ్ళు తుడుచుకుని, మళ్ళీ టైము దగ్గర్నుంచి చదివాడు.